ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్ డబ్బా కొనాలి? ముందు మీ గ్రూపు కొలుచుకోండి

మా అపార్ట్‌మెంట్ బీ బ్లాక్‌లో ఉండే నెల్లూరాయన మొన్న లిఫ్ట్‌లో కనపడగానే ఫోన్ తీసి రెండు డబ్బాల ఫొటోలు చూపించి, "అన్నా, వీటిల్లో ఏది తెప్పించమంటారు? ఇది దానికి నాలుగింతల రేటు ఉందే" అన్నాడు. వాళ్ళబ్బాయి ఎనిమిదో తరగతి, బెంగళూరు మారతహళ్ళి వైపు ఒక షూటింగ్ అకాడమీలో చేరి ఆరు వారాలైంది. నేను చవకదే తెప్పించమన్నాను. ఆయన మొహం చూస్తే, నా కూతురికి మాత్రం జర్మన్ డబ్బాలు కొని వాళ్ళబ్బాయికి మామూలువి చాలంటున్నానని అనుకున్నట్టే అనిపించింది. లిఫ్ట్ మా ఫ్లోర్‌కి వచ్చేసింది, పూర్తిగా చెప్పే వీలు లేకపోయింది, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

అమెరికాలో మా చిన్నాన్న కొడుకు ఒకడున్నాడు, వాడు తన రైఫిల్ తూటాలు తానే నింపుకుంటాడు. ఏ తుపాకీ మందు తొందరగా మండుతుంది, ఏది నిదానంగా మండుతుంది, ఎన్ని గ్రెయిన్లు (చిన్న తూకపు కొలత) పొయ్యాలి అని శనివారాలు మొత్తం త్రాసు ముందే కూర్చుంటాడు. మనకి ఇక్కడ ఆ పని కుదరదు, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే నేరం. ఎయిర్ రైఫిల్‌లో మందూ లేదు, నింపేదీ లేదు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ళ లోపు శక్తి ఉంటే 2016 నియమాల ప్రకారం లైసెన్సూ అక్కర్లేదు. వాడు మందుతో పడే తిప్పలన్నీ మనం పెల్లెట్ అనే ఈ సీసపు ముక్కతో పడతాం, అంతే తేడా. ఎందుకంటే రైఫిల్ కొన్నాక మీరు మార్చగలిగేది అదొక్కటే.

పెల్లెట్ ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తల, సన్నటి నడుము, కింద పరికిణీలా విచ్చుకున్న అంచు. ఆ అంచునే స్కర్ట్ అంటారు. వెనక నుంచి గాలి ఒత్తిడి తగలగానే స్కర్ట్ విచ్చుకుని బారెల్ గోడకి అతుక్కుని గాలి తప్పించుకోకుండా చేస్తుంది, తల మాత్రం బారెల్ లోపలి మెలికల గాడుల మీద జారుతూ తిరుగుడు పట్టుకుంటుంది. కాబట్టి తల సైజు తేడాగా ఉన్నా, స్కర్ట్ ఒక పక్కకి నొక్కుకుపోయినా గుండు అడ్డదిడ్డంగా పోతుంది. మిగతా గొడవలన్నీ ఈ రెండిటి చుట్టూ తిరిగేవే.

తల ఆకారం విషయంలో 10 మీటర్ల దూరం నుంచి కొట్టేవాళ్ళకి పెద్దగా ఆలోచించేదేమీ లేదు, చదును తలదే కొనండి. నేను మొదటిసారి సిటీలో ఒక షాపులో అడిగితే అతను గుండ్రటి తల డబ్బా ఇచ్చి "ఇదే సార్ అందరూ తీసుకునేది" అన్నాడు, తెచ్చేసుకున్నా. కాగితం టార్గెట్ మీద చదును తల పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రంగా బెజ్జం చేస్తుంది. గుండ్రటిది కాగితాన్ని చించుకుంటూ పోతుంది, అంచులు లోపలికి ముడుచుకుంటాయి. గీత తగిలిందా లేదా అని కోచ్ భూతద్దం పెట్టి చూసి చూసి చివరికి "సార్, ఇది తొమ్మిదో పదో దేవుడికే తెలియాలి" అన్నాడు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద ఆ బెజ్జం గొడవ లేదు, అయినా అక్కడా అందరూ చదును తలే వాడతారు, మ్యాచ్ గ్రేడ్‌లో, అంటే పోటీల కోసం చేసేదాంట్లో, మంచి సరుకంతా ఆ ఆకారంలోనే వస్తుంది కాబట్టి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊళ్ళో దొరికే మామూలు డబ్బానా, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 లేదా హెచ్ అండ్ ఎన్ ఫైనల్ మ్యాచ్ లాంటి జర్మన్ సరుకా?

10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. గుండు 4.5 మిల్లీమీటర్లు. గుండు అంచు ఆ చుక్కని తాకితే చాలు పది వస్తుంది కాబట్టి, గుండు మధ్యభాగం టార్గెట్ మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే 10.0 కింద లెక్క. అక్కడి నుంచి ప్రతి 0.25 మిల్లీమీటర్లు లోపలికి వచ్చేకొద్దీ పాయింటులో పదో వంతు పెరుగుతూ 10.9 దాకా పోతుంది. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా ఫైనల్ ఆఖరి షాట్ 10.8, అంటే నడిమధ్యకి అర మిల్లీమీటరు లోపు. ఆ స్థాయిలో పెల్లెట్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా పతకం చెయ్యిజారుతుంది, అక్కడ ఎంత ఖరీదైనదైనా తక్కువే.

మరి మన ఎనిమిదో తరగతి అబ్బాయి సంగతి? నిలబడి రైఫిల్ పట్టుకుంటే వాడి ఊగిసలాట వల్లే గుండ్లు 20 మిల్లీమీటర్ల వెడల్పులో పడుతున్నాయనుకోండి (ఈ వెడల్పునే గ్రూపు అంటారు), ఆరు వారాలకి అది బాగానే ఉన్నట్టు లెక్క. మామూలు పెల్లెట్ తనంతట తాను 4 మిల్లీమీటర్లు చెదురుతుంది, మంచిది 1 మిల్లీమీటరు చెదురుతుంది అనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు 20కి 4 కలిపి 24 అన్నట్టు నేరుగా కూడుకోవు, వాటి వర్గాలు కూడుకుంటాయి. 400, 16 కలిపి వర్గమూలం తీస్తే సుమారు 20.4. మంచి పెల్లెట్‌తో అయితే 20.02. నాలుగింతలు డబ్బు పోసి సంపాదించింది అర మిల్లీమీటరు కూడా కాదు. ఇంకో రెండేళ్ళకి వాడి చెయ్యి కుదిరి గ్రూపు 5 మిల్లీమీటర్లకి వచ్చిందనుకోండి, అప్పుడు మామూలు పెల్లెట్‌తో 6.4, మంచిదానితో 5.1. అదే డబ్బా, కానీ ఇప్పుడు తేడా 1.3 మిల్లీమీటర్లు, మధ్య నుంచి చూస్తే అందులో సగం, అంటే డెసిమల్ స్కోరులో రెండు మెట్ల పైనే. అప్పుడు కొనండి, నేనే దగ్గరుండి ఆర్డర్ పెట్టిస్తా.

మా కోచ్ కన్నడాయన, ఇంత లెక్క చెప్పడు. "మొదలు కై, ఆమేలె పెల్లెట్" (ముందు చెయ్యి, తర్వాతే పెల్లెట్) అంటాడు, అయిపోయింది.

డబ్బు సంగతి ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. మ్యాచ్‌లో స్కోరు షాట్లు 60, ముందు వేసే సైటింగ్ షాట్లతో కలిపి ప్రాక్టీసు రోజుకి 80 అనుకుంటే వారానికి మూడు రోజులకి 240, అంటే 500 డబ్బా రెండు వారాలకి ఖాళీ. ఖరీదైన డబ్బా కొన్న ఇంట్లో ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశాను, "నాన్నా, ఇవాళ 40 చాలు, అయిపోతున్నాయి" అని పిల్ల తనే షాట్లు తగ్గించుకుంటుంది. చవక డబ్బాతో కొట్టిన 80 షాట్లు, ఖరీదైన దానితో కొట్టిన 40 కంటే చాలా మేలు. అలాగని మరీ అడుగు రకం వద్దు, చేత్తో పట్టుకుని చూస్తే తల మీద అచ్చు గీత కనపడేవి, సీసం ముక్కలు అంచుకి వేలాడేవి, డబ్బా కదిపితే బూడిద రాలేవి ఉంటాయి, అవి బారెల్‌ని పాడుచేస్తాయో లేదో గానీ పిల్లల నమ్మకాన్ని మాత్రం పాడుచేస్తాయి. సరిగ్గా ట్రిగ్గర్ నొక్కినా ఏడు పడితే తప్పు తనదేననుకుంటారు పాపం. హెచ్ అండ్ ఎన్ స్పోర్ట్, ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ లాంటి మధ్య రకాలు ఈ దశకి సరిగ్గా సరిపోతాయి.

రైఫిల్ ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. స్ప్రింగ్ రైఫిల్ అయితే పిస్టన్ ఒక్కసారిగా గుద్దుతుంది, గాలి ఒత్తిడి ఝాడించినట్టు వస్తుంది, పెల్లెట్ బారెల్ దాటేలోపు రైఫిల్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఇలాంటివి స్కర్ట్ మందం, బిగువు విషయంలో పేచీ ఎక్కువ పెడతాయి. వదులుగా ఉండే పెల్లెట్ వేస్తే పిస్టన్‌కి ముందు మెత్తటి గాలి దిండు దొరకదు. పెల్లెట్ అసలు లేకుండా ట్రిగ్గర్ నొక్కడం అయితే పిస్టన్ సీల్‌ని (గాలి కారకుండా ఆపే రింగుని) చేజేతులా చంపుకోవడమే. సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే పీసీపీ రకాలు నెమ్మదస్తులు, 200 బార్ గాలి రెగ్యులేటర్ గుండా వస్తుంది కాబట్టి ప్రతి షాట్ ఒకేలా ఉంటుంది, మంచి పెల్లెట్ మంచితనం వీటిలోనే బయటపడుతుంది. స్ప్రింగ్ రైఫిల్ పెట్టుకుని ఆర్10 కొనేవాళ్ళని చూస్తే, గుంతల రోడ్డు మీద నడపడానికి స్పోర్ట్స్ కారు టైర్లు వేయించుకున్నట్టు అనిపిస్తుంది నాకు.

బరువు గురించి చాలామంది టెన్షన్ పడతారు. ఆర్10 రైఫిల్ రకం 8.2 గ్రెయిన్లు, అంటే 0.53 గ్రాములు. పిస్టల్ రకం 7 గ్రెయిన్లు, 0.45 గ్రాములు. డబ్బా మీద పిస్టల్ అని రాసి ఉన్నంత మాత్రాన రైఫిల్‌లో వెయ్యకూడదని లేదు, కొన్ని బారెల్‌లకి తేలికవే నచ్చుతాయి. చిన్న త్రాసు కొని ఒక్కో పెల్లెట్ తూచి వేరు చేసే మిత్రులు ఉన్నారు, మా చిన్నాన్న కొడుకు బాపతే. 10 మీటర్లకి ఆ కష్టం దండగ. సెకనుకి 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లు చేరేలోపు కిందకి దాదాపు 17 మిల్లీమీటర్లు దిగుతుంది. బరువు 1 శాతం తేడా వస్తే వేగం దాదాపు అర శాతం మారుతుంది, టార్గెట్ మీద అది 0.2 మిల్లీమీటర్ల లోపే. బింద్రాకి పనికొచ్చేదేమో. మీరు ఆ గంట పెల్లెట్ లేకుండా గురి పట్టే డ్రై ప్రాక్టీసు చేసుకోండి.

తల సైజు మాత్రం నిజంగా పనికొచ్చే విషయం. మ్యాచ్ డబ్బాల మీద 4.49, 4.50, 4.51 అని రాసి ఉంటుంది. 0.01 మిల్లీమీటరు తేడాకి ఏమవుతుందిలే అనుకున్నా నేనూ. కిందటి వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకి, ఇంకెవరూ రాకముందే, కోచ్ మా అమ్మాయి రైఫిల్‌ని బల్లకి బిగించిన వైస్‌లో పెట్టాడు, బారెల్‌ని కాకుండా యాక్షన్ (ట్రిగ్గర్ పైన ఉండే యంత్రభాగం) దగ్గర పట్టేలా, కింద తోలు ముక్క వేసి. ఒకే కంపెనీ, మూడు సైజులు. కొత్త సైజుకి మారినప్పుడల్లా ముందు ఓ అయిదు షాట్లు వృథాగా వేయించి, తర్వాత ఒకే చోట పది. 4.49కి వేరుశనగ గింజలా పొడుగ్గా చిరిగిన బెజ్జం. 4.51కి దాదాపు గుండ్రంగానే ఉంది గానీ ఒకటి పక్కకి తప్పుకుంది. 4.50కి పది షాట్లు పడ్డాయో ఒక్కటి పడిందో తెలియనంతగా ఒకటే బెజ్జం, మా అమ్మాయి కాగితాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని దాంట్లోంచి నన్ను చూసి నవ్వింది. దానికి ఆరోజు దాకా తన రైఫిల్ మీద అనుమానమే. వెర్నియర్‌తో బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి అందులోంచి 4.5 తీసేస్తే అసలు గ్రూపు ఎంతో వస్తుంది, అదీ పద్ధతి.

అయితే మా పిల్లకి 4.50 కుదిరిందని మీరూ 4.50 కొనకండి. అకాడమీలో అదే మోడల్ రైఫిల్ ఉన్న ఇంకో పిల్లాడికి 4.49 బాగుంది. బారెల్ బారెల్‌కీ మారుతుంది, అందుకే ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్ లాంటి కంపెనీలు ఫ్యాక్టరీలో కొట్టి చూసిన టార్గెట్ ముక్క రైఫిల్‌తో పాటే పంపిస్తాయి. నలుగురు తల్లిదండ్రులు కలిసి తలా ఒక సైజు డబ్బా కొని, అందరి రైఫిల్స్‌లో కొట్టి చూసి, తర్వాత ఎవరికి నప్పింది వాళ్ళు తీసుకోవడం మేలు. మేం అలాగే చేశాం, ఒక్కరి జేబు మీద పడలేదు.

ఊరెళ్ళినప్పుడు మదనపల్లె వైపు మామిడితోటలో 25, 30 మీటర్లలో ఖాళీ టిన్ డబ్బాలు కొట్టుకునేవాళ్ళకి మాత్రం పైన చెప్పిందంతా తలకిందులు. అంత దూరానికి చదును తల గాలికి ఎదురునిలిచి వేగం పోగొట్టుకుని చెదిరిపోతుంది, అక్కడ గుండ్రటి తలే కావాలి. జేఎస్‌బీ ఎగ్జాక్ట్ 8.44 గ్రెయిన్లది, హెచ్ అండ్ ఎన్ ఫీల్డ్ టార్గెట్ ట్రోఫీ 8.64 గ్రెయిన్లది, రెండూ మంచివే. నన్ను ఒకటే ఎంచుకోమంటే జేఎస్‌బీ వైపు మొగ్గుతా. మొనదేలిన తలవి చూడటానికి భయంకరంగా ఉంటాయి గానీ గురి విషయంలో సాధారణంగా వెనకబడే రకం. డబ్బా మీద 1200 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) అని పెద్దక్షరాలు చూసి సీసం లేని తేలిక పెల్లెట్లు కొనకండి, ఆ వేగం ధ్వని వేగాన్ని దాటేది, దాని దగ్గరికెళితే గుండు కుదురుగా పోదు. ఇక గాడులున్న బారెల్‌లో స్టీల్ బాల్స్ వెయ్యడం గురించి అడగొద్దు, రైఫిల్ కొన్న డబ్బులు గుర్తు తెచ్చుకోండి. మీరు కొట్టే టిన్ డబ్బాల వెనక ఇసుక బస్తా పెట్టండి, రాయి గోడకి తగిలితే సీసం వెనక్కి వస్తుంది, కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇది చదివేవాళ్ళలో కొందరు బాల్కనీ పావురాల కోసమో, తోటలో కోతుల కోసమో పెల్లెట్ వెతుకుతూ ఉంటారని నాకు తెలుసు, నన్ను నేరుగా అడిగినవాళ్ళూ ఉన్నారు. దానికి ఏ పెల్లెటూ లేదండీ. వన్యప్రాణుల చట్టం 1972 నుంచి ఉంది, జంతువుల మీద క్రూరత్వం నిరోధించే చట్టం 1960 నుంచి ఉంది, కేసు పడితే డబ్బా రేటు గుర్తుకే రాదు. పావురాలకి వల కట్టించుకోండి, మారతహళ్ళిలో వీధికొకడు కడతాడు.

చెన్నైలో, అడయార్‌లో ఉండే మా బావమరిది కూడా ఇదే పిచ్చిలో ఉన్నాడు. ఒకే రోజు ఒకే చోట కొన్న రెండు డబ్బాల్లో ఒకటి నా దగ్గర, ఒకటి వాడి దగ్గర. ఎనిమిది నెలలకి వాడి పెల్లెట్లకి తెల్లటి బూజులాంటిది పట్టింది, నావి ఇంకా మెరుస్తున్నాయి. బూజు కాదది, ఉప్పుగాలి తేమకి సీసం తుప్పు పట్టడం. వాడు "ఏం బావా, నీ దగ్గరున్న మంచి డబ్బా నాకిచ్చి ఉంటే పోయేది కదా" అన్నాడు. చెన్నైలో ఉన్నవాళ్ళు ఏడాదికి సరిపడా ఒకేసారి కొనకండి, తెరిచిన డబ్బాని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోండి. తెల్లబడినవి ప్రాక్టీసుకి కూడా వద్దు, ఆ పొడి సీసపు పొడే, బారెల్‌లోకీ వేళ్ళకీ అంటుకుంటుంది. బాగున్న పెల్లెట్లు పట్టుకున్నా సరే, తినేముందు చేతులు సబ్బుతో కడగాలి. పిల్లలు తర్వాతి షాట్ పెల్లెట్‌ని పెదవుల మధ్య పట్టుకుంటారు చూడండి, ఆ అలవాటు కనపడితే అక్కడే ఆపించండి.

తుప్పుకి మందుగా నూనె పూసేవాళ్ళు స్ప్రింగ్ రైఫిల్ అయితే జాగ్రత్త. పిస్టన్ గదిలోకి నూనె చేరితే ఒత్తిడి వేడికి డీజిల్ ఇంజన్‌లో లాగా అంటుకుంటుంది, ఠాప్‌మని శబ్దం, నీలం పొగ, ఓసారి సీల్ పోతుంది, ఓసారి స్ప్రింగే విరుగుతుంది. మందు అక్కర్లేని తుపాకీలో మనమే మందు పోసినట్టు.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా తెరవగానే ఒకసారి కాగితం మీద ఒంపి చూడండి. నాకోసారి వచ్చిన డబ్బా పక్కకి సొట్ట పడి ఉంది, దారిలో ఎవరి కింద పడిందో. లోపల మూడో వంతు పెల్లెట్ల స్కర్ట్‌లు కోడిగుడ్డు ఆకారంలోకి వంగిపోయాయి. పక్కన పెట్టకుండా కలిపి కొట్టాను, ఒక వారం మొత్తం నా నిలబడే పద్ధతి పాడైపోయిందేమోనని కాళ్ళు జరుపుకుంటూ గడిపాను.

నప్పిన డబ్బా దొరికాక అడుగున ఉండే లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) స్టిక్కర్‌ని ఫొటో తీసి పెట్టుకోండి. అదే కంపెనీ, అదే 4.50, కొత్త లాట్ వేరేగా కొట్టొచ్చు. మేం ఆ ఫొటో చూపించి అదే లాట్ ఇంకో నాలుగు డబ్బాలు అడిగితే షాపతను మూడే ఉన్నాయన్నాడు, మూడూ తీసుకున్నాం, ఆగస్టు దాకా వస్తాయి. మా రైఫిల్‌లో వేరుశనగ బెజ్జం కొట్టిన ఆ 4.49 డబ్బా మిగిలినంత నెల్లూరాయన కొడుకుకి ఇచ్చేశా, వాడి గ్రూపుకి అది మహారాజు.